ఇంటి కంప్యూటర్‌లో పవర్‌షెల్ స్క్రిప్టుల అడ్డు పూర్తిగా తీసేయొచ్చా?

గోదారిగట్టు

మావాడు బీటెక్ రెండో సంవత్సరం. ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటర్, విండోస్ 11. నా బ్యాంకు పనులు, షాపు జీఎస్టీ రిటర్నులు కూడా అందులోనే. వాడు జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములు నడిపే నోడ్ జేఎస్ ఎక్కించుకుని, కోడ్ రాసుకునే వీఎస్ కోడ్‌లోని టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీ) ఎన్‌పీఎం (రెడీమేడ్ కోడ్ ప్యాకేజీలు దించుకునే కమాండ్) అని కొట్టగానే ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఎన్‌పీఎం.పీఎస్1 ఫైలు లోడ్ కాదట, ఈ సిస్టమ్‌లో స్క్రిప్టులు (వరసగా నడిచే కమాండ్లు రాసిన ఫైళ్లు) నడపడం ఆపేసి ఉందట.

యూట్యూబ్‌లో ఒకాయన, విండోస్‌కి కమాండ్లు ఇచ్చే పవర్‌షెల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, సెట్-ఎగ్జిక్యూషన్‌పాలసీ అన్‌రిస్ట్రిక్టెడ్ అని కొట్టి, వై నొక్కమంటున్నాడు. మావాడు ఆ వీడియో చూపించి "పాస్‌వర్డ్ కొట్టు నాన్నా" అని నా ప్రాణం తీస్తున్నాడు. కొట్టొచ్చా? కొడితే నా బ్యాంకు లాగిన్‌లకు ఏమన్నా అవుతుందా?

రాత్రి_డ్యూటీ

కొట్టేయండి సర్, టెన్షన్ వద్దు. ఏ స్క్రిప్టులు నడవొచ్చో చెప్పే ఈ ఎగ్జిక్యూషన్ పాలసీ అనేది యూజర్‌ని కట్టడి చేసే సెక్యూరిటీ వ్యవస్థ కాదని మైక్రోసాఫ్టే తన డాక్యుమెంటేషన్‌లో రాసింది. పొరపాటున స్క్రిప్టు నడపకుండా పెట్టిన అడ్డు, అంతే. వైరస్ రాసేవాడు పవర్‌షెల్‌ని ఆ అడ్డేమీ లేకుండా చేసే బైపాస్ అనే ఆప్షన్‌తోనే పిలుస్తాడు. అది పెట్టుకోవడానికి వాడికి అడ్మిన్ హక్కులు కూడా అక్కర్లేదు. దొంగని ఆపని దానితో మీ అబ్బాయి చదువు ఎందుకు ఆపడం?

చింతచిగురు

గోదారిగట్టు గారూ, ఆగండి. నేను ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ చూస్తాను. ప్రతి సెమిస్టర్ మొదట్లో ఇదే ఎర్ర అక్షరాల గోల.

అన్‌రిస్ట్రిక్టెడ్ అవసరమే లేదు. మీ అబ్బాయి లాగిన్‌లో పవర్‌షెల్‌ని మామూలుగా తెరిచి (అడ్మిన్‌గా వద్దు) ఇది కొట్టమనండి: సెట్-ఎగ్జిక్యూషన్‌పాలసీ రిమోట్‌సైన్డ్ -స్కోప్ కరెంట్‌యూజర్. పాస్‌వర్డ్ అడగదు, ఆ ఒక్క అకౌంట్‌కే వర్తిస్తుంది. పైథాన్ వాళ్ల డాక్యుమెంటేషన్‌లో కూడా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక్కో ప్రాజెక్టుకి విడిగా పెట్టుకునే పైథాన్) యాక్టివేట్ కాకపోతే ఇదే చెయ్యమని ఉంటుంది. మన కంప్యూటర్‌లో తయారైన స్క్రిప్టు నడుస్తుంది. నెట్ నుంచి దిగిన స్క్రిప్టుకి తయారుచేసినవాళ్ల డిజిటల్ సంతకం లేకపోతే ఆగుతుంది.

రాత్రి_డ్యూటీ

మేడమ్, "నెట్ నుంచి దిగినది" అని విండోస్‌కి ఎలా తెలుస్తుంది? బ్రౌజర్ ఆ ఫైలుకి జోన్ ఐడెంటిఫయర్ అని ఒక చిన్న చీటీ తగిలిస్తుంది. అందులో జోన్ ఐడీ 3 అని ఉంటే ఇంటర్నెట్ సరుకు. ఆ చీటీ ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ తన డిస్కుకి వాడే పద్ధతి) డిస్క్ మీదే నిలుస్తుంది. ఫ్యాట్32 అనే వేరే పద్ధతి వాడే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే రాలిపోతుంది. గిట్‌హబ్ లాంటి చోటు నుంచి కోడ్ మొత్తం దించే గిట్ క్లోన్ కమాండ్‌తో తెచ్చుకున్న ఫైళ్లకు అసలు పడదు. మీ స్టూడెంట్లు ప్రాజెక్టులు తెచ్చుకునేది పెన్‌డ్రైవ్‌లోంచి, గిట్‌హబ్‌లోంచే కదా! మరి రిమోట్‌సైన్డ్ ఎవర్ని ఆపుతోంది?

చింతచిగురు

బ్రౌజర్‌లో డౌన్‌లోడ్ చేసిన జిప్‌ని ఆపుతోంది. సీనియర్లు "ఆఫీస్ ఫ్రీగా యాక్టివేట్ అవుతుంది" అని పంపే లింకులన్నీ ఆ బాపతే. మా పిల్లలు జిప్ విప్పి అందులో స్క్రిప్టు నడపబోతే ఆగిపోతుంది. ఆగాక కనీసం నా దగ్గరికొచ్చి "ఏంటి మేడమ్ ఇది" అని అడుగుతారు. ఆ అడగడమే నాకు కావాలి. ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ఆ చీటీ తీసేసే అన్‌బ్లాక్ టిక్ పెట్టడం తెలిసినవాడు ఎలాగూ పెట్టేస్తాడు. అది తెలియని తొంభై మంది సంగతి ఏమిటి?

ఇంకోటి. మీరు అన్‌రిస్ట్రిక్టెడ్‌ని, బైపాస్‌ని కలిపి మాట్లాడుతున్నారు. అన్‌రిస్ట్రిక్టెడ్‌లో నెట్ ఫైలు నడిపే ముందు ఒక్కసారి అడుగుతుంది, బైపాస్‌లో అదీ ఉండదు.

పాత_సర్వర్

నేను వీబీస్క్రిప్టు (పవర్‌షెల్‌కి ముందు విండోస్‌లో స్క్రిప్టులు రాసిన భాష) రోజుల నుంచి ఈ పనిలో ఉన్నవాణ్ని కాబట్టి కొంచెం వెనక్కి వెళ్తా. 2000 మే నెలలో ఐ లవ్ యూ వైరస్ వచ్చింది. మెయిల్‌లో లవ్ లెటర్ అంటూ ఒక ఫైలు. పేరులో టీఎక్స్‌టీ అని కనిపించేది, చివరనున్న వీబీఎస్‌ని విండోస్ దాచేసేది. జనం ప్రేమలేఖ అనుకుని డబుల్ క్లిక్ చేశారు, ప్రపంచమంతా మెయిల్ సర్వర్లు కుప్పకూలాయి. 2006లో పవర్‌షెల్ తెచ్చినప్పుడు ఆ దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. అందుకే పీఎస్1 ఫైలుని డబుల్ క్లిక్ చేస్తే నడవదు, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ఉన్న ఫోల్డర్‌లోని స్క్రిప్టు నడపాలన్నా ముందు చుక్క, స్లాష్ కొట్టాలి. ఎగ్జిక్యూషన్ పాలసీ కూడా ఆ వరసలోదే. స్పీడ్ బ్రేకర్ లాంటిది, గేటు కాదు. స్పీడ్ బ్రేకర్‌ని చూసి దొంగ ఆగడు, నిజమే. అలాగని కాలనీవాళ్లు తవ్వి పారేయరు కదా.

కాబట్టి అది తాళం కాదన్న మాటలో రాత్రి_డ్యూటీతో ఏకీభవిస్తాను, మొత్తం మెషీన్‌కి తీసేయమనడంలో మాత్రం కాదు. అసలు ఆ వీడియోలో నాకు నచ్చనిది పాలసీ పేరు కాదు, "అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి" అన్న ముక్క.

రాత్రి_డ్యూటీ

అన్నా, ఆ ముక్క నేనూ ఒప్పుకుంటా. కానీ ఇప్పటి దాడుల్లో స్క్రిప్టు ఫైలే ఉండట్లేదు. క్లిక్‌ఫిక్స్ తెలుసుగా? "మీరు రోబో కాదని నిరూపించండి" అని ఒక పేజీ వస్తుంది. టిక్ పెట్టగానే విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి, కంట్రోల్ వీ నొక్కండి, ఎంటర్ కొట్టండి అంటుంది. మనకి తెలియకుండా ఆ పేజీ క్లిప్‌బోర్డులో పెట్టిన పవర్‌షెల్ కమాండ్ నడిచిపోతుంది. ఫైలు లేదు కాబట్టి పాలసీ ఏ స్క్రిప్టు ఫైలునీ నడపనివ్వని రిస్ట్రిక్టెడ్‌లో ఉన్నా చూస్తూ ఊరుకుంటుంది. నా గొడవ ఇదే. పాలసీ ఉందిగా అని గోదారిగట్టు గారు నిశ్చింతగా ఉంటే, అది లేకపోవడం కంటే ప్రమాదం.

ఎన్‌పీఎం విషయానికొస్తే, ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు దానిలోని పోస్ట్‌ఇన్‌స్టాల్ స్క్రిప్టుని (ఇన్‌స్టాల్ అవగానే దానంతటదే నడిచేది) ఎన్‌పీఎమ్మే నడిపేస్తుంది. 2025 సెప్టెంబరులో షాయ్-హులూద్ అనే పురుగు ఆ దారినే పాకి డెవలపర్ల టోకెన్లు (పాస్‌వర్డ్ బదులు వాడే తాళాలు) దొంగిలించింది. ఎగ్జిక్యూషన్ పాలసీ దాని వైపు కన్నెత్తి కూడా చూడదు.

పచ్చిపులుసు

ఇంత చర్చ అవసరమా? ఎన్‌పీఎం బదులు ఎన్‌పీఎం.సీఎండీ అని కొట్టండి, అది పవర్‌షెల్ స్క్రిప్టు కాదు. లేదా వీఎస్ కోడ్‌లో టెర్మినల్‌ని కమాండ్ ప్రాంప్ట్‌కి మార్చుకోండి. ఏ పాలసీ ముట్టుకోకుండానే పనైపోతుంది.

చింతచిగురు

అవుతుంది, పచ్చిపులుసు గారూ. పవర్‌షెల్‌లోనే ఉండిపోతే రేపు పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ దగ్గర మళ్లీ ఆగుతాడు. అప్పుడు మళ్లీ ఆ యూట్యూబాయనే.

గోదారిగట్టు

అందరూ చెప్పింది చదివాను. ఇంతకీ మావాడికి వేరే లాగిన్ లేదు, నా దాంట్లోనే కూర్చుంటాడు. గెట్-ఎగ్జిక్యూషన్‌పాలసీ -లిస్ట్ అని ఎవరో చెబితే కొట్టి చూశా. ఐదు వరసలు వచ్చాయి, ఐదింటిలోనూ అన్‌డిఫైన్డ్ అనే ఉంది. ఏమీ పెట్టనప్పుడు మరి ఆపుతున్నదెవరు?

పాత_సర్వర్

ఏమీ పెట్టకపోతే ఇంటి విండోస్‌లో రిస్ట్రిక్టెడ్ కిందే లెక్క, అందుకే ఆగింది. ఆ వరసల్లో మెషీన్‌పాలసీ, యూజర్‌పాలసీ అని పైన ఉన్నవి రెండూ ఖాళీగా ఉండటం మంచిదైంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో ఐటీ వాళ్లు గ్రూప్ పాలసీతో (అన్ని మెషీన్లకూ ఒకేచోట నుంచి పెట్టే సెట్టింగ్) అక్కడే పెడతారు, కింద మనం ఏం మార్చినా చెల్లదు. అలాంటిది కనబడితే కెలక్కుండా ఐటీ వాళ్లనే అడగాలి.

మీ ఇంట్లో ముందు చెయ్యాల్సింది అబ్బాయికి వేరే అకౌంట్. అడ్మిన్ కాదు, స్టాండర్డ్ యూజర్. అప్పుడు చింతచిగురు గారి కమాండ్ ఆ అకౌంట్‌లో కొట్టించండి. ఇక్కడ చాలామంది బోల్తాపడే చోటు ఒకటుంది. వాడి లాగిన్‌లో ఉండి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" నొక్కి మీ పాస్‌వర్డ్ ఇచ్చారనుకోండి, ఆ కిటికీలో కరెంట్‌యూజర్ అంటే మీరే. సెట్టింగ్ మీ అకౌంట్‌లో పడుతుంది, వాడికి మళ్లీ ఎర్ర అక్షరాలే. వాడు పవర్‌షెల్ 7 కూడా వేసుకుని ఉంటే దాని సెట్టింగ్ వేరు, విండోస్‌తో వచ్చే 5.1ది వేరు. వీఎస్ కోడ్‌లో ఏది తెరుచుకుంటోందో చూసుకుని అందులోనే కొట్టాలి.

రాత్రి_డ్యూటీ

వేరే అకౌంట్ అన్నది నాకూ సమ్మతమే. మీ బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డులు వాడి అకౌంట్‌లో నడిచే కోడ్‌కి అందవు. సర్ అడిగిన బ్యాంకు ప్రశ్నకు అసలు జవాబు అదే. అది చేశాక పాలసీ రిమోట్‌సైన్డ్ అయితేనేం, బైపాస్ అయితేనేం? నా మాట మీద నేను ఉన్నా.

చింతచిగురు

మీ మాట మీద మీరుండండి, మా ల్యాబ్‌లో మాత్రం రిమోట్‌సైన్డే.

గోదారిగట్టు

వేరే అకౌంట్ పెట్టాను. వాడు గంట సేపు మొహం మాడ్చుకుని కూర్చున్నాడు, గేములన్నీ నా లాగిన్‌లో ఉండిపోయాయట. కమాండ్ మాత్రం వాడే కొట్టుకున్నాడు, పాస్‌వర్డ్ అడగలేదు, ఎన్‌పీఎం నడుస్తోంది. ఆ పోస్ట్‌ఇన్‌స్టాల్ పురుగు గురించి చెబితే "ఇగ్నోర్ స్క్రిప్ట్స్ అని ఒక ఆప్షన్ ఉందిలే నాన్నా" అన్నాడు. అది పెట్టుకుంటే సరిపోతుందా?

రాత్రి_డ్యూటీ

ఇన్‌స్టాల్ అప్పుడు నడిచేవి ఆగుతాయి సర్. కొన్ని ప్యాకేజీలు ఆ స్క్రిప్టు నడిస్తేగానీ పనిచెయ్యవు, అప్పుడు వాడికి విసుగొస్తుంది. పైగా ప్యాకేజీ లోపలే చెడ్డ కోడ్ ఉంటే, ప్రోగ్రామ్ నడిపినప్పుడు అదీ నడుస్తుంది. దాని మీద వేరే టాపిక్ పెట్టండి, అక్కడ పోట్లాడుకుందాం.