ఉగాది వేడుకల్లో మూలకణ దాతల నమోదు: కార్యకర్తల చర్చ

కార్యదర్శి: చెన్నైలో మన సంఘం జరిపే ఉగాది వేడుకల్లో ఈసారి మూలకణ దాతల, అంటే ఎముకల్లోని మూలుగలో రక్తాన్ని తయారుచేసే కణాలను ఇచ్చేవారి, నమోదుకు ఒక బల్ల కేటాయించాలని నిర్ణయించాం. నమూనాల సేకరణ దాతల పట్టిక నిర్వహించే సంస్థవారే చూసుకుంటారు. వచ్చినవారికి విషయం అర్థమయ్యేలా చెప్పడం మన పని.

రక్తక్యాన్సర్, థలసీమియా వంటి జబ్బుల్లో మూలుగ మార్పిడికి రోగి, దాతల హెచ్‌ఎల్‌ఏ గుర్తులు, అంటే మన కణాలేవో పరాయివేవో ఒంటి రక్షణ వ్యవస్థ పోల్చుకునేందుకు కణాల మీద ఉండే గుర్తులు, కలవాలి. ఆరో క్రోమోజోమ్‌ మీద దగ్గరదగ్గరగా ఉండే ఈ గుర్తుల జన్యువులు సాధారణంగా తల్లి నుంచి ఒక గుత్తి, తండ్రి నుంచి ఒక గుత్తిగా సంక్రమిస్తాయి కనుక, తోడబుట్టిన ఒక్కొక్కరితో పూర్తిగా కలిసే అవకాశం 25 శాతమే. ఇంట్లో దొరకనివారికి బయటి దాతే దిక్కు. అమెరికా జాతీయ పట్టికపై 2014లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఐరోపా మూలాలున్న తెల్లవారికి సరిగ్గా సరిపోయే దాత దొరికే అవకాశం 75 శాతం కాగా, దక్షిణ, మధ్య అమెరికా మూలాలున్న నల్లవారికి అది 16 శాతమే. పట్టికలో ఎవరు ఎందరున్నారన్నదీ, వారిలో జన్యు వైవిధ్యం ఎంతన్నదీ రెండూ దీనికి కారణాలు.

మన దేశంలో తరతరాలుగా పెళ్లిళ్లు కులం లోపలే జరగడం వల్ల ఒక్కో సమూహానికి ఒక్కో జన్యు చరిత్ర ఏర్పడిందని హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2009 నాటి పరిశోధన చూపింది. కనుక తెలుగువారు కొందరు నమోదైతే తెలుగువారందరికీ సరిపోతుందనుకోలేం. కోస్తా, సీమ, తెలంగాణ కుటుంబాలతోపాటు, ఎన్నో తరాలుగా తమిళనాడులోనే స్థిరపడిన మనవారినీ పేరుపేరునా పిలవాలి.

నమోదు బల్ల బాధ్యులు: కార్యదర్శి గారూ, మేనరికం కుటుంబాలవారు తప్పకుండా అడుగుతారు, వారికి ఏం చెప్పాలి? మరొకటి, నమూనా ఇచ్చే ముందు ఏమీ తినకుండా ఉండటం మంచిది. గుమ్మంలోనే ఉగాది పచ్చడి పెడితే ఎలా?

వైద్యురాలైన సభ్యురాలు: మేనరికంలో తల్లిదండ్రులిద్దరికీ ఒకే గుత్తి ఉండే అవకాశం ఎక్కువ కనుక, అలాంటి ఇంట్లో తల్లో, తండ్రో, దగ్గరి బంధువో సరిపోవచ్చు, తోబుట్టువులతోనే పరీక్షలు ఆపవద్దని చెప్పండి. రక్తం గ్రూపు వేరైనా దానం కుదురుతుంది. వెన్నులో సూది గుచ్చుతారన్న భయమే చాలామందిని వెనక్కి లాగుతుంది. నిజానికి నమోదు రోజున బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్దడమే. తర్వాత ఎవరితోనైనా కలిస్తే, చాలావరకు కొన్ని రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి చేతి రక్తనాళాల నుంచే కణాలు తీస్తారు. మూలుగే కావాలంటే మత్తు ఇచ్చి తుంటి ఎముక నుంచి తీస్తారు, వెన్ను నుంచి కాదు.

అన్నిటికన్నా ముఖ్యంగా, సంఖ్య కోసం ఎవరినీ ఒత్తిడి చేయకండి. రోగికి పాత మూలుగను మందులతో తుడిచేశాక దాత వెనక్కి తగ్గితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో మాట్లాడుకుని వస్తామన్నవారిని మనస్ఫూర్తిగా పంపండి.

కార్యదర్శి: అయితే బల్ల పూజకు ముందే తెరుద్దాం, పచ్చడి, భోజనం ఆ తర్వాతే. విడిగా మాట్లాడేందుకు మరో రెండు కుర్చీలు వేయిస్తాను. తమిళంలోనూ చెప్పగలిగినవారు ఇద్దరు కావాలి. ముందుకు వచ్చేవారు ఇక్కడే తెలియజేయగలరు.