డిప్రెషన్ మందుకి తోడుగా లిథియం: ఎండాకాలంలో ఏం చూసుకోవాలి?

కందుకూరు నుంచి: డిప్రెషన్‌కి ఎస్సిటాలోప్రామ్ 20 మి.గ్రా., తర్వాత వెన్లాఫాక్సిన్ 150 వాడినా గుణం లేదని డాక్టరు లిథియం 300 రాత్రిపూట కలిపారు. మనిషిది చీమకుర్తి క్వారీలో పని. రోహిణి కార్తెలో ఇబ్బందా?

కావలి ఫార్మసిస్ట్: ముందొక మాట. పూర్తి మోతాదులో కనీసం 6 వారాలు, ఒక్కపూట మానకుండా వేసుకున్నాకే మందుకి జబ్బు లొంగలేదనాలి. షాపుకొచ్చే చీటీలు చూస్తే స్ట్రిప్పుకీ స్ట్రిప్పుకీ మధ్య పది రోజుల ఖాళీ ఉంటది. అట్టాంటప్పుడు తోడు మందు కలిపి ఏం లాభం?

ఇక ఎండ సంగతి. కిడ్నీ లిథియాన్ని కూడా ఉప్పులాగే చూస్తుంది. చెమటతో ఉప్పూ నీళ్లూ పోతే, ఉప్పుని పట్టుకునే పనిలో లిథియాన్నీ లోపలికి లాక్కుంటుంది. మాత్ర అదే, రక్తంలో లెవెల్ మాత్రం ఎక్కుతుంది. అందుకే నీళ్లు తగ్గకూడదు, ఉన్నట్టుండి చప్పిడి తిండికి మారకూడదు.

అంతకంటే ప్రమాదం ఒళ్లునొప్పులకి అడగ్గానే ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్. ఇవీ లెవెల్ పెంచుతాయి. నొప్పికి పారాసెటమాల్ చాలు. బీపీకి టెల్మిసార్టన్, ఎనలాప్రిల్, హైడ్రోక్లోరోథయజైడ్ వాడుతుంటే డాక్టరుకి ముందే చెప్పండి, అవీ లెవెల్ పెంచేవే.

ఒంగోలు ల్యాబ్ టెక్నీషియన్: లెవెల్ టెస్టుకి రక్తం ఆఖరి మాత్ర వేసుకున్న 12 గంటలకి తీయాలి. రాత్రి 9కి వేసుకుంటే పొద్దున 9కి. మోతాదు మార్చిన 5–7 రోజుల తర్వాతే చూడాలి, ముందు చూస్తే ఆ అంకెకి అర్థం లేదు. తోడు మందుగా సాధారణంగా లీటరుకి 0.6–0.8 మిల్లీమోల్ (mmol/L) ఉండేలా చూస్తారు.

ఇంకోటి, చాలా చోట్ల పట్టించుకోరు: ఆకుపచ్చ మూత ట్యూబులో వద్దు. చాలావాటిలో ఉండేది లిథియం హెపారిన్, రిపోర్టులో లెవెల్ దొంగగా పెరుగుతుంది. ఎర్ర మూత ప్లెయిన్ ట్యూబు అడగండి. క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), కాల్షియం మందు మొదలెట్టే ముందు ఒకసారి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి. కనిగిరి, పొదిలి వైపు కిడ్నీ జబ్బులు తెలిసిన సంగతే కాబట్టి మొదటి క్రియాటినిన్ చూడకుండా అసలు మొదలెట్టకూడదు.

కందుకూరు నుంచి: చెయ్యి కొంచెం వణుకుతోంది. ఆపాలా?

నెల్లూరు సైకియాట్రీ నర్సు: గ్లాసు పట్టుకుంటే సన్నగా అదరడం మామూలే, వచ్చేసారి చెప్పండి. పెద్దగా వణకడం, నడకలో తూలడం, మాట ముద్దగా రావడం, వాంతులు, విరేచనాలు ఉంటే తర్వాతి మాత్ర వేయకుండా ఆ పూటే ఆసుపత్రికి పోవాలి, తెల్లారేదాకా ఆగొద్దు. మాత్రలు ఇంట్లో ఒకరి చేతిలో ఉండాలి, వారానికి సరిపడా మాత్రమే బయట పెట్టండి. ఎక్కువ మింగితే లిథియం ప్రాణం తీస్తుంది. చచ్చిపోవాలన్న మాటలు వినపడితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416కి ఫోన్ చేయండి, రాత్రైనా పలుకుతారు.

గూడూరు నుంచి: లిథియం బదులు అరిపిప్రజోల్ కలిపితే ఈ రక్తపరీక్షల గోల ఉండదు కదా?

కావలి ఫార్మసిస్ట్: లెవెల్ టెస్టు ఉండదు గానీ షుగరు, బరువు చూసుకోవాల్సిందే. 2 లేదా 5 మి.గ్రా.తో మొదలెడతారు. ఫ్లుయోక్సెటిన్, పరాక్సెటిన్ అనే డిప్రెషన్ మందులు వాడేవాళ్లకి తక్కువలోనే ఉంచాలి, అవి దీన్ని ఒంట్లో పేరుకునేలా చేస్తాయి. కాలు నిలవకపోవడం, కూర్చోలేక అటూ ఇటూ తిరగడం కనపడితే జబ్బు ముదిరిందనుకుని మోతాదు పెంచించొద్దు. అది మందు చేసే పనే, తగ్గిస్తే సర్దుకుంటది.