క్వాలిటీ సిస్టమ్స్ ఇంజనీరు: ఇంజనీరింగా, గుమాస్తాగిరీయా?

భీమవరం మెకానికల్:
మా తమ్ముడు మెకానికల్ పూర్తిచేశాడు. శ్రీపెరంబుదూరు వైపు బ్రేకు విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీ వాడిని క్వాలిటీ సిస్టమ్స్ ఇంజనీరుగా రమ్మంది. అది ఆడిటర్ల కోసం ఫైళ్లు సర్దే పని. నాలుగేళ్లు మెషిన్ డిజైన్ చదివినవాడు అందులో చేరితే చదువంతా గోదారి పాలు చేసినట్టేనని నా అభిప్రాయం. కాదనేవారు కారణం చెప్పండి.

అమలాపురం – ఒరగడం:
నేను కాదంటాను. 2016లో వెలువడిన ఐఏటీఎఫ్ 16949 అనే వాహన పరిశ్రమ నాణ్యతా ప్రమాణం అడిగే పత్రాల్లో చాలావరకు లెక్కలే ఉంటాయి. ఎఫ్ఎంఈఏనే తీసుకోండి, అంటే ఏ భాగం ఎలా విఫలం కావచ్చో ముందే అంచనా వేసే పద్ధతి. పాత పద్ధతిలో లోపం తీవ్రతకు, అది తలెత్తే అవకాశానికి, దాన్ని పట్టుకోవడంలోని కష్టానికి మూడు అంకెలు వేసి గుణించేవారు. బ్రేకు హోస్ లీకుకు 10, 4, 2 వేస్తే 80. రంగు వెలిసే లోపానికి 4, 5, 5 వేస్తే 100. నూరు వస్తేనే చర్య అని గీత గీసుకున్న చోట, రంగు గురించి మీటింగు పెట్టి బ్రేకును వదిలేసేవారన్నమాట. అమెరికా, జర్మనీ వాహన పరిశ్రమ సంఘాలు ఏఐఏజీ, వీడీఏ కలిసి తెచ్చిన 2019 నాటి హ్యాండ్‌బుక్ ఆ గుణకారాన్నే తీసేసి యాక్షన్ ప్రయారిటీ (ఏ లోపంపై ముందు చర్య తీసుకోవాలో చెప్పే) పట్టికను తెచ్చింది. అందులో బ్రేకు హోస్ లీకు ‘హై’ (ఎక్కువ), రంగు వెలిసే లోపం ‘లో’ (తక్కువ). హోస్ ఎక్కడ, ఎందుకు చిట్లుతుందో తెలియనివాడు ఆ అంకెలు వేయలేడు.

కొలతల సంగతి భీమవరం వారికి నేను చెప్పనక్కరలేదు. చెరువు గట్టున రొయ్యల్ని నీరు వడకట్టక ముందు తూస్తే ఒక కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు అన్న లెక్క), వడకట్టాక తూస్తే మరో కౌంటు వస్తుంది. రైతుకూ కొనేవారికీ తగవు అక్కడే. గేజ్ ఆర్ అండ్ ఆర్ అనే పరీక్ష తేల్చేదీ అదే: అవే భాగాలను వేర్వేరు ఆపరేటర్లు మళ్లీ మళ్లీ కొలిచినప్పుడు, కొలత వల్ల వచ్చే తేడా మొత్తం తేడాలో 10 శాతం లోపుంటే మంచిది, 30 దాటితే ఆ కొలత విధానమే పనికిరాదు.

తణుకు:
పుస్తకంలో అదంతా నిజమేనండి. నేను పనిచేసిన చోట ఆడిట్‌కు ముందు, కొన్ని నెలల కంట్రోల్ చార్టులను (కొలతలను వరుసగా చుక్కలుగా పెట్టే గ్రాఫులను) ఒకే విడతలో, ఒకే పెన్నుతో నింపేవారు. చుక్కలన్నీ మధ్యగీతకు అతుక్కుని ఉండేవి. షిఫ్టు మారినా, టూల్ అరిగినా కదిలేవి కావు. కస్టమర్ ఫిర్యాదుకు 8డీ (మూలకారణం, దిద్దుబాటు చర్య చెప్పే నివేదిక) రాయవలసి వస్తే, మూలకారణం గడిలో ‘ఆపరేటర్ అజాగ్రత్త’, చర్య గడిలో ‘మళ్లీ శిక్షణ ఇచ్చాము’. తరువాతి ఫిర్యాదుకూ అదే వాక్యం. పేరుకు ఇంజనీరే గాని, మాట చెల్లదు.

అమలాపురం – ఒరగడం:
ఆ చార్టు దొంగదని మీరు చూడగానే పట్టుకున్నారంటే అది ఇంజనీరు కన్నే కదండీ. మాట చెల్లడం గురించి కూడా ఆ ప్రమాణంలోనే ఉంది: నాణ్యతకు బాధ్యులైనవారికి ఉత్పత్తినీ, సరుకు పంపకాన్నీ ఆపే అధికారం ఉండాలి, అన్ని షిఫ్టుల్లోనూ అటువంటి బాధ్యులు ఉండాలి. నెలాఖరున లారీ గేటు దగ్గర నిలబడి ఉన్నప్పుడు ఆ అధికారం ఎంతవరకు నిలుస్తుందన్నది మాత్రం యాజమాన్యాన్ని బట్టే ఉంటుంది. అక్కడ మీతో వాదించను.

భీమవరం మెకానికల్:
నా అభ్యంతరం పూర్తిగా తీరలేదు. అయినా చేరేముందు తమ్ముడిని రెండు విషయాలు అడగమంటాను: రాత్రి షిఫ్టులో పంపకాన్ని ఆపగలిగేది ఎవరు, ఈ మధ్య రాసిన 8డీ ఒకటి చూపిస్తారా అని.

తణుకు:
8డీ బయటివారికి చూపరండి. లైను పక్కన తగిలించిన చార్టు చూడమనండి, చుక్కలు కదులుతున్నాయో లేదో.