కొవ్వు ఆమ్లాల కార్బన్లు గ్లూకోజ్‌లో కనిపిస్తున్నప్పుడు, కొవ్వు నుండి గ్లూకోజ్ తయారు కాదని ఎందుకు అంటారు?

ప్రశ్న

నేను వైద్యవిద్యలో మొదటి సంవత్సరం చదువుతున్నాను. సరిసంఖ్యలో కార్బన్లున్న కొవ్వు ఆమ్లాల నుండి మనిషి శరీరం గ్లూకోజ్‌ను తయారు చేసుకోలేదన్న వాక్యాన్ని కంఠస్థం చేశాను గానీ, కణంలో ఇంధనాన్ని దహించే క్రెబ్స్ చక్రాన్ని కాగితం మీద గీసుకుని ఒక్కొక్క కార్బన్‌నూ వెంబడిస్తే ఆ వాక్యం నిలబడడం లేదు. కొవ్వు ఆమ్లం విరిగి ఏర్పడే అసిటైల్ కోఏలోని 2 కార్బన్లు, చక్రంలోని ఆక్సాలోఅసిటేట్‌తో కలిసి సిట్రేట్ అవుతాయి. మొదటి చుట్టులో కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోయే రెండు కార్బన్లూ కొత్తగా వచ్చినవి కావనీ, పాత ఆక్సాలోఅసిటేట్‌వేననీ మా పాఠంలోనే ఉంది. అంటే కొత్త కార్బన్లు రెండూ చుట్టు చివర ఏర్పడే ఆక్సాలోఅసిటేట్‌లో భద్రంగా ఉన్నట్టే కదా. అది ఫాస్ఫోఈనాల్‌పైరువేట్‌గా మారి గ్లూకోజ్ దాకా వెళ్లడానికి అడ్డేమిటి? రేడియోధార్మిక కార్బన్‌తో గుర్తు పెట్టిన అసిటేట్‌ను ఇస్తే ఆ గుర్తు గ్లూకోజ్‌లో కనిపిస్తుందని కూడా చదివాను. నేను ఎక్కడ పొరబడుతున్నానో దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

కార్బన్లను వెంబడించడంలో మీరు పొరబడలేదు. ఒక ప్రశ్నకు దొరికిన జవాబును మరో ప్రశ్నకు జవాబుగా తీసుకున్నారు, అంతే. ఫలానా కార్బన్ పరమాణువు చివరికి ఎక్కడ తేలింది అన్నది ఒక ప్రశ్న. గ్లూకోజ్ తయారీకి పనికివచ్చే ముడిసరుకు మొత్తం మీద పెరిగిందా అన్నది వేరొక ప్రశ్న. గుర్తు పెట్టిన అసిటేట్ ప్రయోగం మొదటిదానికి మాత్రమే జవాబిస్తుంది.

నిండా నీళ్లున్న తొట్టిలో రంగు కలిపిన నీళ్లు రెండు చెంబులు పోసి, అడుగునున్న గొట్టం గుండా రెండు చెంబుల నీళ్లు వదిలేస్తూ ఉన్నారనుకోండి. కాసేపటికి తొట్టిలో రంగు కనిపిస్తుంది, కానీ నీటిమట్టం వెంట్రుకవాసి కూడా పెరగదు. క్రెబ్స్ చక్రంలో జరిగేది ఇదే. 4 కార్బన్ల ఆక్సాలోఅసిటేట్‌కు 2 కార్బన్లు చేరి 6 కార్బన్ల సిట్రేట్ అవుతుంది. ఐసోసిట్రేట్ డీహైడ్రోజినేజ్ దగ్గర ఒక కార్బన్, ఆల్ఫా కీటోగ్లూటరేట్ డీహైడ్రోజినేజ్ దగ్గర మరొక కార్బన్ వెళ్లిపోతాయి. చివరికి మిగిలేది మళ్లీ 4 కార్బన్ల ఆక్సాలోఅసిటేటే. ఒక ఆక్సాలోఅసిటేట్‌తో మొదలుపెట్టి ఒక ఆక్సాలోఅసిటేట్‌తోనే ముగించాం కాబట్టి లాభం సున్నా. దాన్ని గ్లూకోజ్ కోసం బయటికి లాగేస్తే, తర్వాత వచ్చే అసిటైల్ కోఏను అందుకోవడానికి చక్రంలో ఏమీ ఉండదు. బయటికి పోయినవి పాత కార్బన్లా కొత్త కార్బన్లా అన్నదానితో ఈ లెక్కకు సంబంధమే లేదు.

ఇక అసిటైల్ కోఏ నేరుగా వెనక్కి తిరిగి, గ్లూకోజ్ విరిగినప్పుడు ఏర్పడే పైరువేట్ కావచ్చు గదా అంటే, ఆ దారి మూసి ఉంది. పైరువేట్‌ను అసిటైల్ కోఏగా మార్చే పైరువేట్ డీహైడ్రోజినేజ్ చర్యలో మోల్‌కు దాదాపు 33 కిలోజౌళ్ల స్వేచ్ఛాశక్తి తగ్గుతుంది. కణంలోని పరిస్థితుల్లో అది వెనక్కి నడవదు.

మొక్కలూ అనేక బాక్టీరియాలూ ఈ చిక్కును దాటిన తీరు చూస్తే మనకు లేనిదేమిటో తేలిగ్గా అర్థమవుతుంది. కార్న్‌బర్గ్, క్రెబ్స్ 1957లో వివరించిన గ్లయాక్సిలేట్ చక్రంలో ఐసోసిట్రేట్ లయేజ్, మాలేట్ సింథేజ్ అనే రెండు ఎంజైములు ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ పోయే ఆ రెండు మెట్లనూ అవి పక్కన పెట్టేస్తాయి. అందువల్ల రెండు అసిటైల్ కోఏలు చేరితే ఒక సక్సినేట్ నికరంగా మిగులుతుంది. మొలకెత్తే ఆముదపు గింజ తన నూనెను చక్కెరగా మార్చుకోగలిగేది ఈ దారిలోనే. వైద్యవిద్యార్థికి అక్కరకు వచ్చే సంగతి ఇంకొకటి ఉంది: క్షయ బాక్టీరియాకు ఐసోసిట్రేట్ లయేజ్ ఉంది, మనిషికి లేదు.

రెండో సమాధానం

మీరు కంఠస్థం చేసిన వాక్యంలో సరిసంఖ్య అన్న మాట ఊరికే పడలేదు. బేసిసంఖ్యలో కార్బన్లున్న కొవ్వు ఆమ్లం బీటా ఆక్సిడేషన్ (కొవ్వు ఆమ్లాన్ని రెండేసి కార్బన్లుగా తెంచే ప్రక్రియ) చివరి చుట్టులో అసిటైల్ కోఏతో పాటు 3 కార్బన్ల ప్రొపియోనైల్ కోఏను కూడా ఇస్తుంది. బయోటిన్ సాయంతో దానికి మరో కార్బన్ చేరి మిథైల్‌మలోనైల్ కోఏ అవుతుంది, ఆపైన విటమిన్ బి12 సాయంతో సక్సినైల్ కోఏ అవుతుంది. సక్సినైల్ కోఏ చక్రంలోకి ప్రవేశించే చోటు, కార్బన్ డయాక్సైడ్ పోయే రెండు మెట్లూ దాటిన తర్వాత ఉంది కనుక అక్కడి నుండి వచ్చే ఆక్సాలోఅసిటేట్ అంతా అదనపు రాబడే. అమైనో ఆమ్లాల విషయంలోనూ ఇదే కొలబద్ద పనిచేస్తుంది: లూసీన్, లైసీన్ చివరికి అసిటైల్ కోఏగానో అసిటోఅసిటేట్‌గానో మాత్రమే తేలుతాయి కాబట్టి ఆ రెండూ గ్లూకోజ్‌ను ఇవ్వలేవు. పట్టికను బట్టీ పట్టడం కంటే ఇలా గుర్తుంచుకోవడం మేలు.

కొవ్వు, కొవ్వు ఆమ్లం అన్న రెండు మాటలను ఒకటిగా వాడడం కూడా గందరగోళానికి కారణమవుతోంది. కొవ్వు అంటే ట్రైగ్లిజరైడ్; అందులో కొవ్వు ఆమ్లాలతో పాటు గ్లిజరాల్ కూడా ఉంది, అది కాలేయంలో గ్లూకోజ్ కాగలదు. ట్రైపామిటిన్ అనే ట్రైగ్లిజరైడ్‌ను తీసుకుంటే మొత్తం 51 కార్బన్లలో 48 కొవ్వు ఆమ్లాలవి, 3 గ్లిజరాల్‌వి. అంటే కార్బన్లలో సుమారు 6 శాతమే గ్లూకోజ్‌కు పనికివస్తాయి. కాలేయం అసిటైల్ కోఏ నుండి తయారు చేసే కీటోన్ బాడీల్లో ఒకటైన అసిటోన్ నుండి కొద్ది మోతాదులో గ్లూకోజ్‌కు దారి ఉందన్నదీ నిజమే గానీ, మొదటి సంవత్సరంలో దాన్ని పట్టుకుని వేలాడవలసిన పని లేదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. తొట్టి ఉదాహరణతో నా అనుమానం తీరింది. అయితే ఉపవాసంలో కాలేయం కొవ్వు ఆమ్లాలను విపరీతంగా దహించేదీ, గ్లూకోజ్‌ను తయారు చేసేదీ ఒకే సమయంలో అని పాఠంలో ఉంది. ఒకదాని కార్బన్లు రెండోదానికి పనికిరానప్పుడు ఈ రెండూ జోడుగా నడవడం ఎందుకు?

మూడో సమాధానం

ఇది మొదటి ప్రశ్న కంటే మంచి ప్రశ్న అని నా అభిప్రాయం. కొవ్వు ఆమ్లాలు గ్లూకోజ్‌కు కార్బన్లను ఇవ్వవు గానీ, అది తయారు కావడానికి కావలసిన శక్తినీ ఆదేశాన్నీ ఇస్తాయి. రెండు పైరువేట్ అణువుల నుండి ఒక గ్లూకోజ్ తయారు కావడానికి 4 ఏటీపీలు, 2 జీటీపీలు అనే శక్తి అణువులు ఖర్చవుతాయి. ఉపవాసంలో ఆ ఖర్చును భరించేది ప్రధానంగా బీటా ఆక్సిడేషనే. ఇక ఆదేశం సంగతి: పోగుపడిన అసిటైల్ కోఏ, పైరువేట్‌ను ఆక్సాలోఅసిటేట్‌గా మార్చే పైరువేట్ కార్బాక్సిలేజ్‌ను ఉత్తేజపరుస్తుంది, అదే సమయంలో కైనేజ్ అనే ఎంజైము ద్వారా పైరువేట్ డీహైడ్రోజినేజ్‌ను నిద్రపుచ్చుతుంది. దీనితో పైరువేట్ దహనం వైపు పోకుండా ఆక్సాలోఅసిటేట్ వైపు మళ్లుతుంది.

ఈ జోడు తెగితే ఏమవుతుందో మధ్యస్థ గొలుసు అసైల్ కోఏ డీహైడ్రోజినేజ్ లోపం ఉన్న పిల్లల్లో కనిపిస్తుంది. బీటా ఆక్సిడేషన్‌లోని ఆ ఎంజైము సుమారు 6 నుండి 12 కార్బన్ల గొలుసులపై పనిచేస్తుంది. జ్వరమో వాంతులో వచ్చి పసిబిడ్డ చాలా గంటలు ఏమీ తినకపోతే, కాలేయంలోని గ్లైకోజెన్ అనే గ్లూకోజ్ నిల్వ అయిపోయిన తర్వాత రక్తంలో గ్లూకోజ్ ప్రమాదకరంగా పడిపోతుంది. అంత పడిపోయినా కీటోన్ బాడీలు ఉండవలసినంత ఉండవు. కొవ్వు నుండి కార్బన్ రాదు కాబట్టి దాని దహనం ఆగినా గ్లూకోజ్‌కు నష్టం లేదని ఎవరైనా వాదిస్తే, ఈ బిడ్డ పరిస్థితే ఆ వాదాన్ని కొట్టివేస్తుంది. అప్పుడు చేయవలసింది వెంటనే గ్లూకోజ్ ఇవ్వడం. ఆ తర్వాత జీవితాంతం దీర్ఘ ఉపవాసానికి దూరంగా ఉంచడం.

మెదడు వైపు నుండి కూడా ఒకసారి చూడండి. అది రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజ్‌ను వాడుకుంటుంది. గ్లైకోజెన్ అయిపోయాక అదంతా అమైనో ఆమ్లాల నుండే రావాలంటే కండరాలు త్వరగా కరిగిపోతాయి. కొన్ని వారాల నిరాహారంలో మెదడు తన శక్తి అవసరంలో దాదాపు మూడింట రెండు వంతులు కీటోన్ బాడీలతో తీర్చుకోవడం వల్లనే ఆ నష్టం తగ్గుతుంది. గ్లూకోజ్‌గా మారలేని అసిటైల్ కోఏ ఇలా గ్లూకోజ్ అవసరాన్నే తగ్గిస్తోంది. మైటోకాండ్రియా లేని ఎర్ర రక్తకణాలకు ఈ వెసులుబాటు లేదు; అవి గ్లూకోజ్‌నే వాడుకుని లాక్టేట్‌ను కాలేయానికి తిప్పి పంపుతాయి, కాలేయం కొవ్వు దహనం నుండి వచ్చిన శక్తితో దాన్ని మళ్లీ గ్లూకోజ్ చేస్తుంది.

మొదటి సమాధానం ఇచ్చినవారు

ప్రశ్నలోని భద్రంగా అన్న మాటకు ఒక సవరణ చేయాలి, నేను ముందే చెప్పి ఉండవలసింది. కొత్త కార్బన్లు మొదటి చుట్టులో పోవన్నది నిజమే. కానీ అసిటైల్ భాగంలోని కార్బాక్సిల్ వైపు (కోఏకు అంటి ఉన్న) కార్బన్ రెండో చుట్టులో పూర్తిగా పోతుంది. మిథైల్ వైపు (అవతలి చివరి) కార్బన్ రెండో చుట్టును కూడా దాటి, మూడో చుట్టు నుండి ప్రతిసారీ సగం చొప్పున తగ్గుతుంది. మొదటి చుట్టు తర్వాతనే ఆక్సాలోఅసిటేట్‌ను బయటికి లాగారనుకున్నా, అది ఫాస్ఫోఈనాల్‌పైరువేట్‌గా మారేటప్పుడు ఒక చివరి కార్బన్ పోతుంది. సక్సినేట్‌కు రెండు చివరలూ ఒకేలా ఉండడం వల్ల కార్బాక్సిల్ వైపు గుర్తు అప్పటికే రెండు చివరలకూ సమంగా పంచుకుపోయి ఉంటుంది కనుక, అందులో సగం ఆ మెట్టు దగ్గరే పోతుంది. మీ కాగితం మీద రెండు కార్బన్లకూ వేర్వేరు రంగులు వేసి మూడు చుట్లు గీసి చూడండి.