పడమటి అద్దాల గదిలో ఎండ వేడి ఎలా ఆపాలి?

పడమటి వరండా (ప్రశ్న)

మా ఇంటి వెనక వరండాకు అద్దాలు బిగించి గదిలా చేసుకున్నాం. పైన స్లాబు, కింద మోకాలెత్తు గోడ, మధ్యలో అంతా కిటికీలే. పొడుగు వైపు పడమరకి ఉంది. చిన్న వైపుల్లో ఒకటి దక్షిణానికి, ఇంకోటి ఉత్తరానికి. తూర్పున ఇంట్లోకి తలుపు. చలికాలంలో ఇంటిల్లిపాదీ అక్కడే ఉంటాం. ఎండలు ముదిరాక మాత్రం మధ్యాహ్నం దాటితే ఆ గదిలో కాలు పెట్టలేం.

మా అమ్మకు ఆ గదంటే ప్రాణం. మోకాళ్ళ నొప్పుల వల్ల బయటికి ఎక్కువ వెళ్ళలేదు. ఆ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని చెట్లూ పిట్టలూ చూడటమే ఆమెకు పొద్దు. అందుకే ఎండాకాలమంతా తలుపేసి ఆ గదిని వదిలేయడం నాకు అస్సలు ఇష్టం లేదు.

మందపాటి ముదురు రంగు కర్టెన్లు వేశాం. గది చీకటైంది కానీ వేడి తగ్గలేదు. మూడు గంటలప్పుడు కర్టెన్ పై అంచు దగ్గర చెయ్యి పెడితే, అద్దానికీ గుడ్డకూ మధ్య నుంచి వేడి గాలి ముఖానికి కొడుతోంది. గుడ్డ వెనకవైపు తాకితే అప్పుడే ఇస్త్రీ చేసి తీసినట్టుంది. పొద్దుగూకి చాలాసేపయ్యాక కూడా కిటికీ పక్కన టైల్స్ పాదాలకు వెచ్చగా తగులుతున్నాయి.

తెలిసినవాళ్ళు తలో మాట చెబుతున్నారు. ఒకరు అద్దాలకు ఎండ ఆపే ఫిల్మ్ అంటించమంటారు, ఒకరు రెండు పలకల డబుల్ గ్లాస్ అంటారు, ఒకరు పెద్ద ఏసీ పెట్టేస్తే సరిపోతుందంటారు. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి? బయట ఏముందో కనబడకుండా పోకూడదు. అది మాత్రం తప్పనిసరి.

అద్దాల పని (జవాబు)

అండీ, కిటికీల పని చాలాకాలంగా చేస్తున్నవాణ్ణి. మీ చేతికి తగిలిన ఆ వేడి గాలిలోనే సంగతంతా ఉంది. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చేసింది, మీ ముదురు కర్టెన్ దాన్ని పీల్చుకుని కాలింది. అద్దం ఎండను లోపలికి వదులుతుంది గానీ, వేడెక్కిన గుడ్డ నుంచీ నేల నుంచీ వచ్చే సెగను తిన్నగా బయటికి పోనివ్వదు. ఇక ఆ వేడంతా మీ గదిలోనే తిరగాలి. ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే: ఎండను అద్దానికి అవతలే ఆపండి. లోపల ఏం చేసినా దాని తర్వాతే.

ఏసీ సంగతి చూడండి. ఎండాకాలం సాయంత్రం పడమటి గోడ మీద చదరపు మీటరుకు 600 వాట్ల దాకా ఎండ పడుతుంది. మామూలు తేట అద్దం, ఒంటి పలకైతే, అందులో దాదాపు 80 శాతం లోపలికి వదిలేస్తుంది. మీ పడమటి అద్దాలు పది చదరపు మీటర్లు ఉన్నాయనుకుందాం. 4,800 వాట్ల వేడి వచ్చి పడుతున్నట్టు. ఒక టన్ను ఏసీ తీయగలిగింది సుమారు 3,500 వాట్లు. అంటే ఒకటిన్నర టన్ను ఏసీ పెట్టినా దాని బలమంతా దాదాపు ఆ ఒక్క గోడకే చాలుతుంది. ఎండను ఆపకుండా ఏసీ కొనడం నాకు ఎప్పుడూ మనసొప్పదు. ఆపిన తర్వాత ఇంకా కావాలంటే చిన్నది సరిపోతుంది.

డబుల్ గ్లాస్ మంచిదే, కానీ తేట అద్దాలు రెండు వేస్తే ఎండ కొంచెమే తగ్గుతుంది. అది ముఖ్యంగా ఆపేది లోపలి, బయటి గాలుల మధ్య వేడి మార్పిడిని. అద్దాలు మార్చే ఉద్దేశం ఉంటే సోలార్ కంట్రోల్ పూత ఉన్నది అడగండి, దాని ఎస్‌హెచ్‌జీసీ అంకె ఎంతో చెప్పమనండి. ఎండ వేడిలో ఎన్నో వంతు లోపలికి వస్తుందో చెప్పేది ఆ అంకె. తేట ఒంటి అద్దానికి 0.8 పైన ఉంటుంది, మంచి పూత ఉన్నదానికి 0.3 లోపు కూడా దొరుకుతుంది. పాత ఫ్రేములు బాగానే ఉంటే మాత్రం ముందు ఆ ఖర్చులోకి దిగొద్దు.

ఇప్పుడు దిక్కుల సంగతి. పడమటి ఎండ ఏటవాలుగా, దాదాపు ఎదురుగా వస్తుంది. కిటికీ మీద సన్‌షేడ్ ఎంత పొడుగ్గా పోసినా సూర్యుడు దాని కింద నుంచి దూరతాడు. అక్కడ నిలువుగా అడ్డం పడేదే కావాలి: బయట కిందికి దిగే రోలర్ తెర, వెదురు తెర, షేడ్ నెట్, లేదా బాగా కిందికి వాలిన గుడ్డ పందిరి. గుడ్డ పందిళ్ళు పడమటి కిటికీల ఎండ వేడిని 77 శాతం దాకా, దక్షిణపు కిటికీల్లో 65 శాతం దాకా తగ్గిస్తాయని అమెరికా ఇంధన శాఖ లెక్క. దక్షిణం వైపు అంత పట్టుదల అక్కర్లేదు (భూమధ్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళు అక్కడ ఉత్తరం అని చదువుకోవాలి). ఎండాకాలం మధ్యాహ్నం సూర్యుడు బాగా పైన ఉంటాడు కాబట్టి ఓ మోస్తరు సన్‌షేడ్ చాలు. చలికాలం కిందికి దిగాక అదే సన్‌షేడ్ ఎండను లోపలికి రానిస్తుంది.

చూపు పోకూడదన్నారు కదా. బయటి తెరకు ముదురు రంగు జాలీ తీసుకోండి. లోపల నుంచి చూస్తే లేత రంగుదానికన్నా ముదురు జాలీలోంచి బయట స్పష్టంగా కనిపిస్తుంది, కళ్ళకు మిరుమిట్లు కూడా ఉండవు. అది కాలుతుంది గానీ, కాలేది బయట కాబట్టి చాలావరకు గాలికే పోతుంది. తెరకూ అద్దానికీ మధ్య జానెడు సందు వదలండి, పైనా కిందా మూసేయొద్దు. చాలామంది అద్దానికి ఆనించి కట్టేస్తారు, అప్పుడు ఆ వేడి అద్దంలోకి దిగుతుంది.

మూడో అంతస్తు (జవాబు)

పై జవాబుతో ఏకీభవిస్తాను. కానీ మా అపార్ట్‌మెంట్‌లో బయట ఏమీ బిగించనివ్వరు, అలాంటివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మేం ఫిల్మ్ వేయించుకున్నాం, తేడా బాగానే ఉంది. కానీ కొనేటప్పుడు కొన్ని గట్టిగా అడగాలి.

"99 శాతం యూవీ ఆపుతుంది" అన్న మాట చూసి కొనకండి. ఎండ శక్తిలో యూవీ, అంటే అతినీలలోహిత కిరణాల వాటా 5 శాతానికి అటూ ఇటూ మాత్రమే. దాదాపు సగం కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు, మిగతాది కంటికి కనిపించే వెలుగు. యూవీ ఆగితే సోఫా గుడ్డలు, పుస్తకాల అట్టలు తొందరగా వెలిసిపోవు, అది నిజమే, కానీ గది చల్లబడదు. మొత్తం సౌరశక్తిలో ఎంత శాతం ఆపుతుందో చెప్పమనండి, ఆ కాగితం చేతికి ఇవ్వమనండి. నల్లగా ఉంటే ఎక్కువ ఆపుతుందని కూడా అనుకోవద్దు. చూడ్డానికి తేటగా ఉండి ఇన్‌ఫ్రారెడ్‌ను బాగా ఆపేవి ఉన్నాయి, నల్లగా ఉండి అద్దాన్ని కాల్చేవీ ఉన్నాయి.

ఆ కాల్చడంతోనే ఇంకో చిక్కు. వేడిని పీల్చుకునే ఫిల్మ్ వేస్తే అద్దం నడుమ బాగా వేడెక్కుతుంది, ఫ్రేము లోపలున్న అంచు చల్లగానే ఉంటుంది. ఆ తేడాకు అద్దం పగలవచ్చు. డబుల్ గ్లాస్, లామినేటెడ్, వైరు ఉన్న అద్దాలకు ఈ ముప్పు ఎక్కువ. మీ అద్దం రకం చెప్పి, దానికి సరిపడే ఫిల్మేనని రాతపూర్వకంగా తీసుకున్నాకే అంటించనివ్వండి. అద్దంలా మెరిసే రకమైతే రాత్రి లైటు వేశాక తిరగబడుతుంది: మీకు మీరే కనిపిస్తారు, బయటివాళ్ళకు మీ గదంతా కనిపిస్తుంది.

లోపలి తెరలు ఉత్త దండగ అని మాత్రం నేననను. వెనకవైపు తెల్లగా ఉన్న రోలర్ బ్లైండ్ అద్దానికి దగ్గరగా దింపితే, పడిన వెలుగులో కొంత వెలుగుగానే తిరిగి బయటికి పోతుంది. మీ ముదురు కర్టెన్ ఆ అవకాశం ఇవ్వదు. ఇంకేం చేయలేనివాళ్ళు కనీసం రంగు మార్చినా కొంత ఊరట.

తీగ పందిరి (జవాబు)

ఎవరూ గాలి సంగతి ఎత్తలేదు. ఎండ వేళ కిటికీలన్నీ మూసుకోవాలని అందరూ చెబుతారు. ఇంటికి అది సరైనదే. అద్దాల గదికి లెక్క వేరు. ఎండ పడుతున్నంతసేపు అది బయటి గాలికన్నా వేడిగా ఉంటుంది, కాబట్టి బయటివైపు తెరవాలి, ఇంట్లోకి వెళ్ళే తలుపు మూయాలి. అనుమానం ఉంటే ఒక థర్మామీటరు బయట నీడలో, ఒకటి గదిలో ఎండ తగలని చోట పెట్టి చూడండి. లోపలిది ఎక్కువ చూపిస్తే తెరవండి, తక్కువైతే మూయండి. ఇందులో వాదనకు తావు లేదు.

తెరిచేటప్పుడు నీడ వైపు, అంటే మీకు ఉత్తరం, కింది రెక్క తెరిచి, పడమర వైపు పైన వెంటిలేటర్ ఉంటే అది తెరవండి. వేడి గాలి పైకే పోతుంది, దానికి పైన దారి కావాలి. ఆ దారి లేకపోతే స్లాబు కింద ఒక చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించండి. అన్ని కిటికీలూ ఒకే ఎత్తులో తెరిస్తే పైభాగంలో వేడి కదలకుండా నిలబడిపోతుంది, తలకు సెగ తగులుతూనే ఉంటుంది. టైల్స్ వెచ్చగా ఉంటున్నాయన్నారు కదా, అవి పగలు తాగిన ఎండను రాత్రి వదులుతున్నాయి. రాత్రంతా పైనా కిందా తెరిచి ఉంచితే తెల్లారేసరికి నేల చల్లబడి ఉంటుంది.

చోటుంటే పడమటి వైపు తీగ పెంచండి. అద్దం మీదికి పాకించకుండా, మూరెడు దూరంలో కమ్మీలు కట్టి వాటి మీదికి ఎక్కించాలి. చలికాలం ఆకు రాల్చే రకమైతే మరీ మంచిది. మీకు కావాల్సినప్పుడు ఎండ, వద్దన్నప్పుడు నీడ. ఆకు తన నీటిని ఆవిరిగా వదులుతుంది కాబట్టి గుడ్డలా కాలిపోదు. పెరగడానికి టైమ్ పడుతుంది, ఈ ఏడుకి తెర, వచ్చే ఏళ్ళకి తీగ అనుకోండి. మీ అమ్మగారికి చూడ్డానికి ఆకులు దగ్గరకొస్తాయి, పిట్టలూ దగ్గరకొస్తాయి.

పడమటి వరండా

అందరికీ ధన్యవాదాలు. కొనేముందు చూద్దామని, పడమటి వైపు ఒక అద్దానికి బయట పాత దుప్పటి కట్టాను, కింద ఇటుకలు పెట్టి అద్దానికి దూరంగా లాగాను. పక్క అద్దానికి మామూలుగా లోపల కర్టెన్. నాలుగు గంటలకు రెండూ ముట్టుకున్నాను. కర్టెన్ వెనకున్న అద్దం మీద అరచెయ్యి ఆనించి ఉంచలేకపోయాను, దుప్పటి నీడలో ఉన్నది గోరువెచ్చగా ఉంది, అంతే. ఆ దుప్పటి కట్టిన అద్దం కింద టైల్ కూడా వెచ్చగా లేదు. బయటి తెరలే వేయిస్తాం. ఉత్తరం కింద, పడమర పైన తెరిచి, ఇంటి తలుపు మూసి కూడా చూశాను. గది చల్లబడిందని చెప్పలేను గానీ, ఆ ఉక్కపోత పోయింది.

ఒక్క టెన్షన్ మాత్రం ఉంది. మాకు సాయంత్రాలు గాలి దుమారాలు ఎక్కువ. బయట వేలాడే తెర నిలుస్తుందా?

అద్దాల పని

వేలాడదీస్తే నిలవదండీ. రెండు పక్కలా పట్టాలుండి, గుడ్డ అంచు ఆ పట్టాల్లో జారేది తీసుకోండి. లేదా రెండు వైపులా స్టీలు తీగ లాగి కట్టే రకం. షేడ్ నెట్ అయితే నాలుగు పక్కలా అంచు మడిచి కుట్టించి, రింగులు వేయించి, పైనా కిందా హుక్కులకు బిగించాలి. హుక్కులు గోడలోకి కొట్టాలి, అల్యూమినియం ఫ్రేముకు వద్దు, గాలికి ఫ్రేము వంగితే అద్దం మీదికి వస్తుంది. పెద్ద దుమారం వచ్చేలా ఉంటే రోలర్‌ను పైకి చుట్టేయండి, అందుకని హ్యాండిల్ గది లోపల నుంచి తిప్పేలా పెట్టించండి. అమ్మగారు కూర్చునే వైపే ఉంటే ఆవిడే తిప్పుకోగలరు.

ఒకే పెద్ద తెర వద్దు, కిటికీకి ఒకటి చొప్పున విడివిడిగా వేయించండి. ఎండ ఉన్నవి దింపి, లేనివి ఎత్తి ఉంచుకోవచ్చు.