ఇమేజింగ్ సెంటర్లకు ఎస్‌బీఏ హామీ రుణాలు సబబేనా?

చర్చాంశం: అమెరికాలో 7(ఎ) పథకం కింద బ్యాంకులిచ్చే 50 లక్షల డాలర్ల లోపు రుణాలకు ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాలకు తోడ్పడే ప్రభుత్వ సంస్థ) పూచీ పడుతుంది. ఎంఆర్‌ఐ, సీటీ యంత్రాలు కొనే సెంటర్లకూ ఈ హామీ దక్కుతోంది. ప్రజాధనాన్ని పూచీగా పెట్టడం న్యాయమేనా?

వ్యతిరేక అభిప్రాయం: న్యాయం కాదని నా నమ్మకం. స్కాన్లు తగ్గినా నెలవారీ వాయిదా తగ్గదు. పేషెంట్లను పంపే డాక్టరుకే సెంటరులో వాటా ఉంటే, అప్పు తీర్చవలసిన ఒత్తిడి స్కాను రాసే కలం మీద పడకుండా ఉంటుందా? స్టార్క్ చట్టం ఇలాంటి రిఫరల్స్‌ను నిషేధించినా, సొంత క్లినిక్కులోనే స్కాన్ చేసేవారికి మినహాయింపు ఉంది.

అనుకూల అభిప్రాయం: మీ ఆందోళన నిజమైనదే, విరుగుడు మాత్రం ఇది కాదు. హామీ లేకపోతే యజమాని ఎక్కువ వడ్డీకి, తక్కువ గడువుకు అప్పు తెస్తారు, అప్పుడు వాయిదా మరింత బరువై మీరు భయపడే ఒత్తిడే ముదురుతుంది. పైగా ఈ హామీ రక్షించేది బ్యాంకును, యజమానిని కాదు. 1,50,000 డాలర్లు దాటిన రుణంలో సాధారణంగా 75 శాతం వరకే పూచీ ఉంటుంది. 20 శాతం, ఆపైన వాటా ఉన్న ప్రతి యజమానీ వ్యక్తిగత పూచీకత్తు రాసివ్వాలి.

నా అభ్యంతరమల్లా రుణం తీర్చే గడువు మీద. యంత్రం చక్కగా పనిచేస్తూనే ఉంటుంది, రాబడి మాత్రం ఒక్క చట్టంతో పడిపోతుంది. 2006లో సంతకమైన లోటు తగ్గింపు చట్టం 2007 నుంచి మెడికేర్ (ప్రధానంగా వృద్ధులకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఇమేజింగ్ చెల్లింపులకు పరిమితి పెట్టింది. ఫిల్ముతో తీసే ఎక్స్‌రేలకు 2017 నుంచి 20 శాతం కోత పడింది. నిర్ణీత ప్రమాణాలు లేని సీటీ యంత్రాలకు అదే ఏడాది నుంచి కోత 15 శాతమైంది. ఇక ఎంఆర్‌ఐ గది సంగతి చూడండి: గోడలకు రాగి తొడుగు, హీలియం బయటికి పోవడానికి గొట్టం, బరువు మోసేలా గట్టి చేసిన నేల. బ్యాంకు యంత్రాన్ని జప్తు చేసి అమ్ముకున్నా, గదికి పెట్టిన ఖర్చులో దాదాపు ఏమీ తిరిగి రాదు. కాబట్టి భవనానికి 25 ఏళ్లు ఇవ్వండి, యంత్రానికి మాత్రం దాని ఆయుష్షును మించి ఒక్క ఏడాది కూడా ఇవ్వవద్దు. అక్రెడిటేషన్ (నాణ్యతా గుర్తింపు) వచ్చేదాకా సీటీ, ఎంఆర్‌ఐలకు మెడికేర్ డబ్బు రాదు కనుక ఆ నెలల నిర్వహణ ఖర్చునూ రుణంలో ముందే లెక్కగట్టాలి.

బ్యాంకు రుణ విభాగం నుంచి ఒక మాట: భవనాలకు, యంత్రాలకు ఉద్దేశించిన ఎస్‌బీఏ మరో పథకం 504లో సాధారణంగా బ్యాంకు 50 శాతం, ఎస్‌బీఏ ధ్రువీకరించిన అభివృద్ధి సంస్థ 40 శాతం, యజమాని 10 శాతం పెట్టుకుంటారు. కొత్త వ్యాపారమైతే యజమాని వాటా 15 శాతం. సొంత డబ్బు ఎక్కువ పెట్టినవారు మరింత జాగ్రత్తగా ఉంటారని నా అభిప్రాయం.

వ్యతిరేకించినవారి జవాబు: గడువు విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయితే రిఫర్ చేసే డాక్టర్లకు వాటా ఉన్న సెంటర్లను హామీ నుంచి తప్పించాలన్న మాటను మాత్రం వదులుకోను.

అనుకూలుర జవాబు: నగరాల్లో ఆ షరతుకు నేనూ ఒప్పుకుంటాను. గ్రామీణ ప్రాంతాల్లో మాత్రం, కనీసం 75 శాతం సేవలు అక్కడివారికే అందించే సెంటర్లలో డాక్టర్ల వాటాను స్టార్క్ చట్టమే అనుమతిస్తోంది. అక్కడ పెట్టుబడి పెట్టగలిగేది చాలాసార్లు స్థానిక డాక్టరే. హామీ కాదంటే ఆ ఊరివారు స్కాను కోసం దూరప్రయాణం చేయవలసిందే.