రిడ్జ్‌వేనా, సౌత్ డౌన్స్ వేనా? పాత కోటలు చూస్తూ మౌంటెన్ బైక్ మీద మూడు రోజులు

మట్టిదారి:

అందరికీ నమస్కారం. మే చివర్లో మూడు రోజులు సెలవు కుదిరింది. నేనూ మా తమ్ముడూ దక్షిణ ఇంగ్లండ్ కొండల్లో మౌంటెన్ బైకుల మీద తిరగాలని ప్లాన్. ఇద్దరివీ హార్డ్‌టెయిల్సే (ముందు చక్రానికి మాత్రమే సస్పెన్షన్ ఉండే సైకిళ్లు), మట్టిదారిలో రోజుకు 40, 50 కి.మీ. తొక్కే ఓపిక ఉంది. సమస్య ఎక్కడంటే, వాడికి తొక్కుడే ముఖ్యం, ఎక్కుడూ దిగుడూ బాగా ఉండాలి, పిక్కలు పట్టేస్తేగానీ తృప్తి ఉండదు. నాకేమో పాత కోటగట్టు, సమాధిదిబ్బ, నిలువురాయి ఏది కనబడినా సైకిల్ పక్కన పెట్టి వెళ్లి చూసి రావాలి. వెతగ్గా రిడ్జ్‌వే, సౌత్ డౌన్స్ వే అని రెండు పొడవైన కొండదారుల పేర్లు తేలాయి. దేనికి ఓటేస్తారు? రిడ్జ్‌వే 139 కి.మీ. అని చదివాను, మూడు రోజుల్లో మొత్తం అయిపోతుందా? ఇంకోటి, సైకిల్‌ని రానిచ్చే దారేదో, రానివ్వనిదేదో నాకు ఎప్పుడూ టెన్షనే. సగం దూరం వెళ్లాక ఎవరో గేటు దగ్గర ఆపి వెనక్కి పొమ్మంటే రోజంతా పాడైపోతుంది. వెళ్లొచ్చినవాళ్లు వివరంగా చెప్పండి, ఎంత పొడవుగా రాసినా చదువుతాను.

సుద్దగట్టు:

ముందు ఆ 139 కి.మీ. సంగతి తేల్చేద్దాం. మొత్తం తొక్కాలని పెట్టుకోకండి, ఓపికున్నా హక్కు లేదు. రిడ్జ్‌వే ఏవ్‌బరీ దగ్గరి ఓవర్టన్ హిల్‌లో మొదలై ఐవింగ్‌హో బీకన్ దాకా వెళ్తుంది, మధ్యలో స్ట్రీట్లీ, గోరింగ్ ఊళ్ల దగ్గర థేమ్స్ నది దాటుతుంది. నదికి పడమటి వైపు సుమారు 70 కి.మీ. సైకిల్‌తో నిశ్చింతగా వెళ్లొచ్చు. తూర్పు వైపు చాలా ముక్కలు నడిచేవాళ్లకే, అక్కడ మాటిమాటికీ పక్కరోడ్ల మీదకి మళ్లాల్సొస్తుంది, మజా పోతుంది. మీకు కావలసిన రాళ్లూ దిబ్బలూ చాలావరకు పడమటి సగంలోనే ఉన్నాయి కాబట్టి పోయేదేమీ లేదు.

ఏవ్‌బరీలో మొదలుపెట్టండి. ప్రపంచంలో అతి పెద్ద రాతి వలయం అది, ఊళ్లో కొంత భాగం ఆ వలయం లోపలే ఉంటుంది. దగ్గర్లోనే సిల్బరీ హిల్, క్రీ.పూ. 2400 ప్రాంతంలో మనుషులు సుద్దా మట్టీ మోసి పోసిన దిబ్బ, 39 మీటర్ల ఎత్తు. దాని మీదకి ఎక్కనివ్వరు, కింద నుంచి చూడాల్సిందే. అక్కడి నుంచి కార్ల రోడ్డు పట్టుకుని ఓవర్టన్ హిల్‌కి పోకండి. వలయానికి తూర్పు వైపు హెరెపాత్ అనే పాత మట్టిదారి ఉంది, అది నేరుగా గట్టెక్కి రిడ్జ్‌వేలో కలుస్తుంది. పైకి చేరగానే ఓవర్టన్ డౌన్, ఫైఫీల్డ్ డౌన్, గడ్డి నిండా సార్సెన్ అనే గట్టి ఇసుకరాయి బండలు పడి ఉంటాయి. వాటిలో ఒక బండ మీద కొత్త రాతియుగం వాళ్లు గొడ్డళ్లు నూరిన చారలు ఉన్నాయి, పక్కపక్కనే, పొడవుగా. మిగతా రాయంతా చేతికి గరుగ్గా తగులుతుంది, ఆ చారలో వేలు పెట్టి జరిపితే మాత్రం గాజు మీద జరిపినట్టు ఉంటుంది. సైకిళ్లు దారి పక్కన వదిలి నడిచే వెళ్లండి.

తర్వాత బార్‌బరీ కాజిల్, ఇనుప యుగం నాటి మట్టికోట. రెండు వరసల గట్లు, వాటి పక్కన కందకాలు, దారి సరిగ్గా కోట మధ్య నుంచే పోతుంది. ఆ తర్వాత కొంత దూరం తారు రోడ్డూ, మోటార్‌వే దాటడమూ ఉంటాయి, అక్కడ ఆగే పని లేదు, తొక్కేయండి.

అసలు మనసు పెట్టాల్సింది వేలాండ్స్ స్మితీ అనే పాత సమాధి, అఫింగ్టన్ తెల్ల గుర్రం. రెండింటి మధ్యా సుమారు 2 కి.మీ. వేలాండ్స్ స్మితీ దారికి కొద్ది అడుగుల పక్కన, బీచ్ చెట్ల మధ్యలో ఉంటుంది. మొదటి సమాధి క్రీ.పూ. 3600 ప్రాంతంది, అందులో 14 మంది ఎముకలు దొరికాయి, ఇంకో వందేళ్లకు పైగా గడిచాక దాన్ని కప్పేస్తూ పెద్ద బండలతో రెండో సమాధి కట్టారు. మనకు కనిపించేది ఆ రెండోది. ఇక గుర్రం, 110 మీ. పొడవు. కొండవాలులో గాడి తవ్వి సుద్ద దంచి నింపిన బొమ్మ. మట్టి చివరిసారి ఎండ చూసింది ఎప్పుడో లెక్కకట్టే పద్ధతితో 1990ల్లో పరీక్షిస్తే క్రీ.పూ. 1380, 550 మధ్యలో చేసిందని తేలింది. గడ్డి గీకి కొత్త సుద్ద దంచకపోతే కొన్నేళ్లకే పూడిపోతుంది, అంటే దాదాపు మూడు వేల ఏళ్లుగా ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు ఆ పని చేస్తూనే వచ్చారు. అది తల్చుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. పైనుంచి బొమ్మ పూర్తిగా కనబడదు, ఆ సంగతి ముందే తెలుసుకుని వెళ్లండి. నా ఓటు రిడ్జ్‌వేకే.

ఎదురుగాలి:

పైన రాసినదంతా నిజమే కానీ తమ్ముడి మాట ఎవరూ పట్టించుకోలేదు! రిడ్జ్‌వే పడమటి సగం ఒకసారి గట్టెక్కాక చాలా దూరం మెల్లగా పైకీ కిందకీ సాగుతుంది, పిక్కలు పట్టేంత ఏమీ ఉండదు. సౌత్ డౌన్స్ వే అలా కాదు. వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా 160 కి.మీ., దారిలో ఎక్కడా 270 మీ. పెద్దగా దాటదు, అయినా మొత్తం కలిపితే ఎక్కుడు సుమారు 3,800 మీ. వస్తుంది. ఎందుకంటే మియోన్, ఆరన్, ఆడర్, ఊజ్, కక్‌మియర్, ఇన్ని నదులు ఆ గట్టుని అడ్డంగా కోసుకుంటూ సముద్రంలోకి పోతాయి. ప్రతి నదికీ దాదాపు కిందిదాకా దిగాలి, అవతల మళ్లీ మొదటి నుంచి ఎక్కాలి. పైగా దారి పొడుగునా సైకిల్‌కి హక్కు ఉంది, కొన్నిచోట్ల మాత్రం నడిచేవాళ్లకొక దారి, మనకొక దారి విడిపోతాయి, స్తంభాల మీద సైకిల్‌ని రానిచ్చే దారికి గుర్తుగా ఉండే నీలం బాణం చూసుకుంటే చాలు.

మూడు రోజుల్లో 160 కూడా అవుతుంది, కానీ అలా వెళ్తే అన్నగారికి చూడ్డానికి టైమ్ మిగలదు. నేనైతే ఆంబర్లీ స్టేషన్‌లో దిగి మొదటి రోజు పడమటికి బిగ్నర్ హిల్ దాకా వెళ్లి రమ్మంటాను. ఆ కొండ మీద రోమన్ల స్టేన్ స్ట్రీట్ దారిని అడ్డంగా దాటుతుంది, లండన్ నుంచి చిచెస్టర్‌కి వేసిన రోడ్డు, అక్కడి దారి చూపే స్తంభం మీద ఊళ్ల పేర్లు లాటిన్‌లో రాసి ఉంటాయి. ఎత్తుగా పోసిన రోడ్డు కట్ట ఇప్పటికీ కనబడుతుంది. కొండకి ఉత్తరాన కింద బిగ్నర్ రోమన్ విల్లా, 1811లో ఒక రైతు దున్నుతుంటే నాగలికి రాయి తగిలి బయటపడింది. మొజాయిక్ నేలలు చూడాల్సిందే. తెరిచే నెలలూ వేళలూ ముందే చూసుకోండి, ఆ దిగుడు దిగి తలుపు మూసి ఉందని తెలిస్తే మళ్లీ ఎక్కేటప్పుడు ఏడుపొస్తుంది.

మిగతా రెండు రోజులు ఆంబర్లీ నుంచి ఈస్ట్‌బోర్న్, సుమారు 85 కి.మీ. దారిలో చాంక్టన్‌బరీ రింగ్ వస్తుంది. పాత మట్టికోట, లోపల రోమన్ల కాలం నాటి గుడి పునాదులు ఉన్నాయి. గట్టు చుట్టూ 1760లో బీచ్ చెట్లు నాటారు, 1987 అక్టోబర్ తుఫానుకి చాలా చెట్లు కూలిపోయాయి, ఇప్పుడున్నవి చాలావరకు తర్వాత వేసినవే. డెవిల్స్ డైక్ దగ్గర తప్పకుండా ఆగండి. నీళ్లు లేని ఆ లోయ మంచుయుగంలో సుద్ద గడ్డకట్టి నీరు ఇంకనప్పుడు, కరిగిన మంచు పైపైన పారి కోసిందట. క్లేటన్ దగ్గర జాక్, జిల్ అనే రెండు గాలిమరలు. జిల్‌ని 1821లో బ్రైటన్‌లో కట్టి, 1852లో ఎడ్లతో లాగించి ఈ కొండ మీదకి తెచ్చారు. సైకిల్ ఎక్కించడానికే రొప్పుతున్నప్పుడు ఆ సంగతి గుర్తు చేసుకోండి.

పాతపటం:

సైకిల్‌ని ఏ దారి రానిస్తుందన్న రెండో ప్రశ్నకి ఎవరూ పూర్తిగా జవాబివ్వలేదు కాబట్టి నేను చెప్తాను. ఇంగ్లండ్‌లో ఫుట్‌పాత్ (నడిచేవాళ్లకి మాత్రమే ఉన్న పొలాల, కొండల దారి) మీద సైకిల్‌కి హక్కు లేదు, బ్రైడిల్‌వే (గుర్రాలు కూడా వెళ్లే దారి) మీద ఉంది, 1968 కంట్రీసైడ్ చట్టం ఇచ్చిన హక్కు అది, కాకపోతే నడిచేవాళ్లకీ గుర్రాల వాళ్లకీ మనం దారివ్వాలి. బైవేల (బండ్లు కూడా వెళ్లే పాత దారుల) మీద కూడా వెళ్లొచ్చు. స్తంభాల మీద బాణం పసుపైతే ఫుట్‌పాత్, నీలమైతే బ్రైడిల్‌వే, ముదురు ఊదా, ఎరుపు బైవేలవి. ఆర్డ్నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వాళ్ల 1:25,000 మ్యాపులో పొట్టి ఆకుపచ్చ గీతలు ఫుట్‌పాత్, పొడుగు గీతలు బ్రైడిల్‌వే. ఈ ఒక్కటీ బుర్రలో పెట్టుకుంటే గేటు దగ్గర ఎవరూ ఆపరు. స్కాట్లండ్‌లో రూల్స్ పూర్తిగా వేరు, ఎవరో చెప్పారని ఆ పద్ధతి ఇక్కడ వాడకండి.

ఇంకో మాట, అదే మ్యాపులో పాత స్థలాల పేర్లు వేరే అక్షరాలతో ఉంటాయి. పాతకాలపు గోథిక్ అక్షరాల్లో ఉంటే రోమన్‌వి కాని పురాతన స్థలాలు, నిటారు పెద్దక్షరాలైతే రోమన్లవి. నేను రూట్ గీసేటప్పుడు ముందు గోథిక్ అక్షరాలన్నీ పెన్సిల్‌తో చుట్టేస్తాను, ఆ తర్వాత వాటిని కలిపే పొడుగు ఆకుపచ్చ గీతలు వెతుకుతాను. యాప్ ఇచ్చే రూట్ కన్నా ఇదే నయం, ఎందుకంటే ఎవరో తొక్కారన్నది మాత్రమే యాప్‌కి తెలుసు, వాళ్లకి అక్కడ హక్కు ఉందో లేదో తెలియదు.

మట్టిదారి:

అందరికీ చాలా థాంక్స్. తమ్ముడికి చూపించాను, నదులు దాటే లెక్క చదివి సౌత్ డౌన్స్ అని తేల్చేశాడు. చాంక్టన్‌బరీ, బిగ్నర్ ఉన్నాయి కాబట్టి నాకూ సరే, రిడ్జ్‌వే తర్వాతి సెలవుకి. రెండు చిన్న సందేహాలు: టైర్లు ఏవి వేసుకోవాలి? కోటగట్ల మీద సైకిల్ ఎక్కించొచ్చా? కందకంలోకి దిగి అవతలకి ఎక్కితే బాగుంటుందని తమ్ముడు ఇప్పటి నుంచే అంటున్నాడు.

సుద్దగట్టు:

గట్ల మీదకి మాత్రం వద్దండీ, తమ్ముడికి గట్టిగానే చెప్పండి. సుద్ద మీద మట్టి పొర చాలా పలచగా ఉంటుంది, గడ్డి వేర్లే దాన్ని పట్టుకుని ఉంచుతాయి. టైరు ఒకే చోట పదేపదే జారితే గడ్డి చిరిగి తెల్లటి సుద్ద బయటపడుతుంది, వానకి అది గాడి అవుతుంది, రెండు వేల ఏళ్లకు పైగా నిలబడ్డ గట్టు అక్కడి నుంచి కరగడం మొదలవుతుంది. ఇలాంటి కోటలు చాలావరకు పురాతన కట్టడాల కోసం చేసిన 1979 చట్టం కింద రక్షణలో ఉన్నాయి, వాటిని పాడుచేయడం నేరం. దిగుడు కావాలంటే నదుల వైపు దిగే బ్రైడిల్‌వేలు ఎన్నో ఉన్నాయి, వాడికి ఏ లోటూ ఉండదు.

ఎదురుగాలి:

సౌత్ డౌన్స్ అన్నందుకు సంతోషం! టైర్ల గురించి: సుద్దలో చెకుముకి రాళ్లు వరసలు వరసలుగా ఉంటాయి. చాంక్టన్‌బరీకి దక్షిణాన సిస్‌బరీ రింగ్‌లో కొత్త రాతియుగం వాళ్లు వాటి కోసమే గనులు తవ్వారు, విరిగిన అంచు గొడ్డలికి పనికొచ్చేంత పదునుంటుంది, టైరు పక్కగోడని కోసేది కూడా అదే అంచు. పక్కలు గట్టిగా ఉన్న ట్యూబ్‌లెస్ టైర్లు వేసుకుని సీలెంట్ కొత్తగా పోయించండి. సీలెంట్ చిన్న చిల్లులనే మూస్తుంది, పక్కగోడ చీలితే లోపల పెట్టడానికి టైరు ముక్కొకటి, స్పేర్ ట్యూబొకటి తప్పకుండా ఉండాలి. తడిసిన సుద్ద సబ్బులా జారుతుంది, వాన పడితే దిగుళ్లలో ముందు బ్రేకు మీద చెయ్యి తేలిగ్గా ఉంచమనండి. పైన వాగులేమీ ఉండవు, పడ్డ నీరు పడ్డట్టే ఇంకిపోతుంది. దారి మీద అక్కడక్కడా కుళాయిలున్నా చెరో రెండు మూడు లీటర్లు మోసుకెళ్లండి. గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి ఆంబర్లీ నుంచి తూర్పుకి వెళ్లడమే సుఖం.

చివరి రోజు ఆల్ఫ్రిస్టన్ దగ్గర దారి రెండుగా చీలుతుంది. సెవెన్ సిస్టర్స్ మీదుగా వెళ్లేది ఫుట్‌పాత్, మీరు విండోవర్ హిల్ ఎక్కి జెవింగ్టన్ వైపు వెళ్లాలి. ఆ కొండవాలు మీదే విల్మింగ్టన్ లాంగ్ మ్యాన్, 72 మీటర్ల మనిషి బొమ్మ. చరిత్రకి ముందుదని చాలాకాలం అనుకున్నారు గానీ 2003లో తవ్వి చూస్తే 16, 17 శతాబ్దాలది అయ్యుండొచ్చని తేలింది. దారి సరిగ్గా దాని తల పైనుంచే పోతుంది, అక్కడి నుంచి ఏమీ కనబడదు. చూడాలంటే విల్మింగ్టన్ ఊళ్లోకి దిగాలి, మళ్లీ అంతా ఎక్కాలి. మీ ఇద్దరి కోరికా ఒకేసారి తీరే చోటు అదే, ఒక గంట అదనంగా ఉంచుకోండి.